ఒక ‘వి’ తక్కువ

ఆదివారం ఆబిడ్స్‌లో, మూసిన చెప్పుల దుకాణం మెట్ల మీద
పోటీ పరీక్షల గైడ్లకీ ఒక హోమియోపతి పుస్తకానికీ నడుమ
వెన్ను విరిగి పడుంది.
మ్యూరియల్ థాక్‌స్టెడ్.
నేనెప్పుడూ వినలేదు.
మీరూ విని ఉండరు, మొహమాటపడకండి.

ఎనభై అన్నాడు గౌసుద్దీన్.
అట్ట లేదు కదయ్యా అన్నాను.
అట్ట చదువుతారా అమ్మా మీరు, అన్నాడు.
ముప్పైకి తెగింది.

ముప్పై ఒక్క ఏళ్లు చిక్కడపల్లి ప్రెస్సులో
ప్రూఫులు దిద్దినదాన్ని.
కథకంటే ముందు నాకు కామా కనబడుతుంది.

మేనకోడలు రాసిన అరపేజీ ముందుమాటలో
ఆమె బతుకంతా సర్దేశారు:
బొల్లారం. భర్త అశ్వదళంలో గుర్రాల డాక్టరు.
రాసుకునే బల్ల కాళ్లకి నీళ్ల గిన్నెలు,
చీమలెక్కకుండా.
ఐదు నవలలు.
ఐదింట్లోనూ ఎవరో ఒక ఆడమనిషి
ఆఖరి పేజీలో ఏదో మర్చిపోయి రైలెక్కుతుందట.
గొడుగు. చేతి తొడుగు.
ఒకసారి మొగుణ్ణి.

‘నౌకర్లు తగ్గించి పులులు పెంచండి’
అని లండన్ నుంచి పబ్లిషరు ఉత్తరం.
ఒక్క పులినీ పెట్టలేదు.
గోడకి వేలాడే పులితోలు ఒకటుంటే
దానికి మూడో అధ్యాయంలో చెదలు పట్టించింది.

అలాగని దేవతేం కాదు.
వంటవాణ్ణి పేజీకోసారి దొంగని చేసింది.
మన ఎండని తిట్టింది, చింతపండుని తిట్టింది.
ఆయాకి మూడు వందల పేజీల్లో పేరు పెట్టలేదు.
ఆయా వచ్చింది. ఆయా వెళ్లింది. ఆయా దీపం తగ్గించింది.
పుస్తకం మూసి, పప్పు కడిగి పొయ్యి మీద పెట్టి
రెండు రోజులు దాని ముఖం చూడలేదు నేను.

తర్వాత నూట పన్నెండో పేజీ.
మూసీ పొంగిన రాత్రి. చాదర్‌ఘాట్‌లో బంగళా.
దొరసాని పియానో మీది ఫొటోలు ఏరుకుంటోంది.
ఆయా పిల్లని కుదుపుతోంది.
ఇంగ్లీషు అక్షరాల్లో, వాలు టైపులో,
ఉన్నట్టుండి మా నాయనమ్మ గొంతు:

నీళ్లొచ్చినయ్ బిడ్డా, లెవ్వు.

అని ఉండాలి.
రెండు ‘వి’లు పడాల్సిన చోట
అక్కడి కంపోజిటరు ఒకటే పేర్చాడు.
దీర్ఘాలు లేని వాళ్ల అక్షరాల్లో
నిద్ర లేపే మాట కాస్తా
లేవు, నువ్వు లేవు, అయి కూర్చుంది.

నూరేళ్లు దాటినా ఎవరి కంటా పడలేదు.
చదివినవాళ్లకి తెలుగు రాదు.
తెలుగొచ్చినవాళ్లు
లోపలి పేజీ మీద ముద్రున్న ఆ క్లబ్బు మెట్లు
కప్పులు కడగడానికే ఎక్కారు.

కింద అర్థం ఇవ్వలేదామె. ఆ ఒక్కచోటే
నాకు నచ్చింది.
ఎవరో అంటుంటే విని,
తెలియని మాటని తెలియనట్టే మోసుకెళ్లి బల్ల దాకా తెచ్చింది.
గిన్నెల్లో నీళ్లు కదిలి ఉంటాయి.

బుధవారం బొల్లారం వెళ్లాను, రెండు బస్సులు మారి.
రాతి మీద భర్త పేరు, రెజిమెంటు,
మూగజీవాల పట్ల ఆయన దయ గురించి రెండు పంక్తులు.
అడుగున, పిచ్చిగడ్డి పక్కకి లాగితే,
‘మరియు ఆయన భార్య’.
అంతే.

ఏం చేసేటిదమ్మా, అడిగింది కాపలా రూతమ్మ.
రాసేది.
ఏం రాసేది?
ఇండ్లల్ల జరిగేటివి.
గవి గూడ రాస్తరా, అని
బకెట్టెత్తుకుని నల్లా దగ్గరికి పోయింది.

రాళ్లు దిద్దడం నాకు రాదు.
ఇంటికొచ్చి పెన్సిల్ చెక్కి
పదం మధ్య చొప్పింపు గుర్తు పెట్టి, మార్జిన్‌లో
ఒక ‘వి’.
పొట్టి సంతకం, తారీఖు. అలవాటు.

ఆయా పేరు మాత్రం
ఎక్కడ చేర్చాలో, ఏమని చేర్చాలో
తేలక
పెన్సిల్ ఆ పేజీలోనే పెట్టి ఉంచాను.